గడప దాటిన కరెంటు



ఈ రోజు మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఇంట్లో పెట్టుకున్న పడవకు ఇంటి కరెంటు ఇవ్వడం! ఆదోనిలో పడవ ఏమిటి, ఎండాకాలం వస్తే బిందె నీళ్ళకోసం కొళాయి దగ్గర కాచుకునే మాకు పడవ ముచ్చట్లేమిటి అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ చిన్న పడవను రెండు చక్రాల ట్రైలరు మీదికెక్కించి, కారు వెనుక కట్టుకుని ఇంటికి తెచ్చి వాకిట్లో నిలుపుకునే సంసారులు చాలామంది ఉన్నారు. ఆ పడవలో బ్యాటరీ ఉంటుంది, దీపాలుంటాయి, అడుగున చేరిన నీటిని తోడిపోసే చిన్న మోటారు ఉంటుంది. బ్యాటరీ దిగిపోకుండా ఇంట్లోనుంచి ఒక పొడుగాటి వైరు లాగి దానికి కరెంటు ఇస్తారు.

మన ఇళ్ళలో పడవ లేదుగానీ, ఆ వైరు మాత్రం ఉంది. వరండాలో కూలరుకు లాగిన వైరు అదే. పెళ్ళి పందిట్లో సీరియల్ దీపాలకు లాగిన వైరు అదే. పెరట్లో సంపులోకి దింపిన మోటారు వైరు, ఇప్పుడు కొత్తగా వాకిట్లో నిలబెట్టిన కరెంటు స్కూటరుకు కిటికీలోనుంచి లాగిన వైరు, అన్నీ ఆ కోవలోవే. ఇంటి కరెంటు గడప దాటి బయటికి వెళ్ళడం అనే దానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఆడవాళ్ళ పాత్ర కూడా కొంత ఉంది. అది చెప్పాలనే నా ప్రయత్నం.

ముందు మన పడవ సంగతి చూద్దాం. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి ఉత్తరాన తుంగభద్ర పారుతున్నది. ఆ నది మీద తరతరాలుగా తిరిగిన పడవ పుట్టి. హరిగోలు అని కూడా అంటారు. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా గుండ్రంగా అల్లి, పూర్వకాలంలో పైన తోలు కప్పేవారు. విజయనగరం వైభవంగా ఉన్న రోజుల్లో, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ గుండ్రటి బుట్ట పడవలు చూసి ఆశ్చర్యపడి రాసుకున్నాడు. పదిహేను ఇరవై మంది మనుషులే కాక, గుర్రాలను, ఎద్దులను కూడా వాటి మీద దాటించేవారని ఆయన రాత. తరువాతి కాలంలో తోలు పోయి, తారు పూసిన ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. పుట్టికి ఉన్న సౌకర్యం ఏమిటంటే, పని అయిపోయాక దాన్ని ఒడ్డుకు లాగి బోర్లించేయవచ్చు. చిన్నదైతే మనిషి నెత్తి మీద పెట్టుకుని నడిచి పోవచ్చు. దానికి ట్రైలరూ అక్కర లేదు, బ్యాటరీ అంతకన్నా అక్కర లేదు. కాబట్టి మన పడవ ఇంటినుంచి కరెంటు ఏనాడూ అడగలేదు. మన దగ్గర వ్యవహారం తలకిందులుగా జరిగింది. నదే ఇంటికి కరెంటు పంపింది.

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. నదికి ఒక పక్క నిజాం రాజ్యం, మరో పక్క మద్రాసు రాష్ట్రం గనుక రెండు వైపులా రెండు శంకుస్థాపనలు. అప్పటికి మన ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 జూలైలో కాలువకు నీళ్ళు వదిలారు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లాను చీల్చి, ఆదోని, ఆలూరు తాలూకాలను కర్నూలు జిల్లాలో కలిపారు. అంటే మూడు నెలల వ్యవధిలో నీళ్ళూ వచ్చాయి, జిల్లా కూడా మారిపోయింది! ఆ తరువాత ఆనకట్ట దగ్గర ఒకటి, హంపి దగ్గర ఒకటి రెండు విద్యుత్ కేంద్రాలు లేచాయి. 1957 మొదలు 1964 దాకా ఒక్కొక్కటిగా 8 యంత్రాలు బిగించారు. ఒక్కొక్కటి 9 మెగావాట్లు, వెరసి 72. ఈ కాలపు లెక్కల్లో అది చిన్న అంకె. ఆముదం దీపం, కిరసనాయిలు బుడ్డి తప్ప ఎరగని ఇళ్ళకు మాత్రం చిన్నది కాదు.

ఎమ్మిగనూరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేతగాని ఇల్లు ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు. గుంట మగ్గమంటే నేలలో తవ్విన గుంత. నేతగాడు అంచున కూర్చుని కాళ్ళు గుంతలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. పక్కన ఇల్లాలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. వానాకాలంలో గుంత చెమ్మగిల్లుతుంది, ఒక్కోసారి నీళ్ళే ఊరతాయి. అలాంటి చోట మగ్గం మీదుగా దూలానికి కట్టిన తీగకు ఒక బల్బు వేలాడుతుంది. దీపం వల్ల చీకటి పడ్డాక కూడా పోగు కనిపిస్తుంది, నిజమే. అయితే ఆ మనిషి కాళ్ళు ఎక్కడున్నాయి? మట్టిలో. పొరపాటున హోల్డరు మీద చెయ్యి పడితే కరెంటుకు దారి సిద్ధంగా ఉంది.

ఇక్కడ ఒక విషయం నిదానంగా చెబుతాను. తక్కినదంతా దీని మీదే ఆధారపడి ఉంది. కరెంటు ఎప్పుడూ తాను బయలుదేరిన చోటికి తిరిగి పోవాలని చూస్తుంది. ఒక తీగలో వచ్చి, బల్బులోనుంచి, రెండో తీగలో వెనక్కి పోతుంది. అది సవ్యమైన దారి. అయితే కరెంటు సరఫరాలో ఆ రెండో తీగను భూమికి కూడా కలిపి ఉంచుతారు గనుక, భూమి కూడా దానికి ఒక దారే. పొడి బండల మీద చెప్పులేసుకుని నిలబడ్డ మనిషిలోనుంచి భూమిలోకి పోవడం కరెంటుకు కష్టం. అప్పుడే కడిగి ముగ్గు పెట్టిన వాకిట్లో, తడి కాళ్ళతో నిలబడ్డ ఇల్లాలిలోనుంచి పోవడం చాలా సులువు. ఇంట్లో ఉన్నా, వాకిట్లో ఉన్నా అవే 230 వోల్టులు. గడప దాటగానే మారిపోయేది మన కాళ్ళ కింది నేల.

“మరి ఫ్యూజు ఉంది కదా, అది కాపాడదా?” అని అడుగుతారు. కాపాడదు. ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండా కాపాడడానికి. 5 ఆంపియర్ల ఫ్యూజు 5 ఆంపియర్లు దాటితే గాని కాలదు. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు, అంతకన్నా తక్కువైనా చాలు. మనిషికి షాక్ కొడుతుంటే ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది. ఈ రోజుల్లో ఫ్యూజు బదులు వస్తున్న ఎం.సి.బి. స్విచ్చి కూడా ఈ విషయంలో దాని తమ్ముడే.

అందుకని పుట్టినదే మూడో పిన్ను. అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో ఫిలిప్ లాబ్రే అనే చదువుకునే కుర్రవాడు ఒకావిడ ఇంట్లో అద్దెకుండేవాడట. ఆవిడకు ఒక పిల్లి. ఆ పిల్లి వచ్చి టేబుల్ ఫ్యాను పడదోయడం, ఆవిడ దాన్ని లేపి ప్లగ్గు పెట్టబోతే షాక్ కొట్టడం. ఇది చూసి అతను కొత్త రకం ప్లగ్గు కనిపెట్టాడని చెప్పుకుంటారు. పిల్లి కథ ఎంతవరకు నిజమో గాని, 1928లో అతనికి పేటెంటు వచ్చిన మాట నిజం. ఫ్యాను ఒంటి ఇనుమును మూడో తీగతో నేరుగా భూమికి కలిపేస్తే, ఎక్కడైనా కరెంటు ఇనుముకు తగిలినప్పుడు మనిషి కోసం ఎదురు చూడకుండా ఆ తీగ దారిన భూమిలోకి పోతుంది. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు పారేసరికి ఫ్యూజు కూడా కాలిపోతుంది. అప్పటిదాకా చూస్తూ ఊరుకున్న ఫ్యూజుకు అప్పుడు పని తగులుతుందన్నమాట.

మన ఇళ్ళలోని మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు 1934 నాటి బ్రిటిషు పద్ధతిది. ఒకసారి తీసి చూడండి. పై పిన్ను మిగతా రెంటికన్నా లావు, పొడుగు. అందానికి పెట్టింది కాదు. ప్లగ్గు దూర్చేటప్పుడు అందరికన్నా ముందు అది తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా వెనుక అది విడిపోవాలి. బ్రిటిషువాళ్ళు 1947లో తమ దేశంలో చదునైన పిన్నుల పద్ధతికి మారిపోయారు. అదే సంవత్సరం మన దేశం వదిలి వెళ్ళారు గనుక, వాళ్ళ పాత పిన్నులు మనకు మిగిలిపోయాయి!

ఆ కొత్త ప్లగ్గు ఎలా ఉండాలో తేల్చడానికి యుద్ధకాలంలో వేసిన సంఘంలో 20 మంది సభ్యులు. అందులో ఒక్కరే స్త్రీ. ఆమె కారొలీన్ హాస్లెట్. 1919లో ఇంగ్లండులో స్త్రీ ఇంజనీర్ల సంఘానికి తొలి కార్యదర్శి ఆమే. 1924 నుంచి స్త్రీల విద్యుత్ సంఘాన్ని నడిపి, కరెంటంటే భయపడే గృహిణులకు దాని గుట్టు విప్పి చెప్పడమే పనిగా పెట్టుకున్నారు. పాకే పిల్లలు గోడ కంతల్లో వేళ్ళూ, మేకులూ దూర్చకుండా ఆ కంతలకు లోపల మూతలుండాలని ఆమె పట్టు. అలాగే పెట్టారు. ఎర్తు పిన్ను ముందు దూరితేనే ఆ మూతలు తెరుచుకుంటాయి. మన దగ్గర అలాంటి మూతలున్న సాకెట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. చంటిపిల్లలున్న ఇళ్ళవారు అడిగి కొనడం మంచిది.

హాస్లెట్ కార్యదర్శిగా మొదలైన ఆ ఇంజనీర్ల సంఘంలో 1965లో పూర్తి సభ్యత్వం పొందిన ఒక తెలుగు మహిళ ఉన్నారు. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. మనలో ఎందరికి తెలుసో గాని, తెలియవలసిన పేరు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. 15వ ఏట పెళ్ళి, 18వ ఏట ఆడపిల్ల. ఆ పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు. ఆ కాలంలో ఆ వయసు వితంతువుకు ఎలాంటి బతుకు రాసిపెట్టి ఉండేదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో విద్యుత్ శాఖ ఆచార్యులు. కూతుర్ని అక్కడే చేర్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పట్టా పుచ్చుకున్నారు. పట్టా కాగితాల మీద “అతడు” అని ముందే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి “ఆమె” అని దిద్దవలసి వచ్చింది. తరువాత కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ కంపెనీలో చేరి కరెంటు లైన్ల నమూనాలు, సబ్‌స్టేషన్ల ఏర్పాట్లు తయారు చేశారు. భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో కూడా ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్ళారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కూతుర్ని పెంచుకుంటూ పని చేసుకున్నారు. 1979లో కన్నుమూశారు. ఫ్యూజు వైరు మార్చడం మగవాళ్ళ పని అని ఎవరైనా అంటే, నాకు ఈమె గుర్తుకొస్తారు.

మళ్ళీ మన పడవ దగ్గరికి వద్దాం. పడవకు నేల మీది కరెంటు ఇవ్వడం నిన్న మొన్నటిది కాదు. 1839 నాటికే రష్యాలో జాకోబీ అనే శాస్త్రజ్ఞుడు బ్యాటరీతో నడిచే పడవలో మనుషుల్ని ఎక్కించుకుని నేవా నది మీద తిరిగాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో 55 బ్యాటరీ పడవలు జనాన్ని తిప్పాయి. వివేకానంద స్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగింది ఆ సందర్భంలోనే. ఆ చికాగో పడవలకు ఒడ్డునుంచే కరెంటు ఎక్కించేవారు.

అయితే ట్రైలరు మీదికెక్కి ఇంటికి వచ్చిన పడవతో ఒక చిక్కుంది. ట్రైలరు ఇనుముది, దాని కాళ్ళు రబ్బరు టైర్లు. రబ్బరు కరెంటును భూమిలోకి పోనివ్వదు. వైరులో ఎక్కడో తొక్క ఊడి కరెంటు ఇనుముకు తగిలిందనుకోండి. ట్రైలరు మొత్తం కరెంటు ఎక్కి కూర్చుంటుంది. పొగ రాదు, చప్పుడు ఉండదు. ఎవరో వచ్చి తడి నేల మీద నిలబడి చెయ్యి వేసేదాకా అలాగే ఉంటుంది. చక్రాల స్టాండు మీది ఇనుప కూలరు సంగతీ అంతే. తోపుడు బండి మీద బల్బు వెలిగించుకుని మిర్చి బజ్జీలు వేసే వాళ్ళ సంగతీ అంతే. మూడో తీగ తెగని వైరైతే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. కానీ బజారులో దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సులు కొన్ని చూడండి: బాక్సుకు కంతలు మూడు, వైరులో తీగలు రెండే! మూడో కంత ఉత్త అలంకారం. దీన్ని నేను మోసమనే అంటాను. కొనేటప్పుడు ప్లగ్గు విప్పించి ఆకుపచ్చ తీగ, లేదా ఆకుపచ్చా పసుపూ కలిసిన తీగ, ఉందో లేదో చూసుకోవాలి.

మూడో తీగ ఉన్నా చాలని సందర్భాలు ఉన్నాయి. వైరే నలిగి, దాన్నే మనిషి పట్టుకుంటే ఎర్తు ఏం చేయగలదు? దానికి మరో ఉపాయం 1950లలో యూరపులో రూపు దిద్దుకున్నది. వెళ్ళిన కరెంటూ, తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని ఎప్పుడూ తూకం వేస్తూ ఉండే స్విచ్చి అది. పాలు పోసేవాడు పోసినంతా గిన్నెలో ఉందా, కొంత కింద ఒలికిందా అని చూసినట్టు. తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటకుండానే, కన్ను మూసి తెరిచే లోపల కరెంటు తెంచేస్తుంది. మన పడగ్గదిలో 7 వాట్ల చిన్న బెడ్‌లైటు తీసుకునేటంత కరెంటు అది. 1961లో కాలిఫోర్నియాలో డాల్జియెల్ అనే ఆచార్యుడు ఇంకా సున్నితమైనది చేశాడు. అమెరికావాళ్ళు దీన్ని తప్పనిసరి చేసిన వరుస చూడండి: 1968లో ఈతకొలనుల దీపాలకు, 1973 నుంచి ఇంటి బయటి ప్లగ్గులకు, 1975లో స్నానాల గదులకు. వంటింటి వంతు 1987లో గాని రాలేదు. ముందు వాకిలి, తరువాత ఇల్లు. కష్టం ఎక్కడుందో అనుభవం మీద తెలుసుకున్నారు.

నీళ్ళ విషయంలో ఒక వింత సంగతి కూడా పడవల వాళ్ళ వల్లే బయటపడింది. ఒడ్డున కట్టేసిన పడవకు ఇచ్చిన కరెంటు నీళ్ళలోకి కారితే, దగ్గరలో ఈదుతున్న మనిషి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి మునిగిపోతాడు. ఇది సముద్రంలో కన్నా మంచినీటి సరస్సుల్లో ఎక్కువ. ఉప్పునీరు కరెంటును మనిషికన్నా బాగా పోనిస్తుంది గనుక కరెంటు మనిషిని తప్పించుకుని పోతుంది. మంచినీటికన్నా మనిషి ఒళ్ళే దానికి మంచి దారి. ఇప్పుడు మీ ఇంటి సంపు తలుచుకోండి. అది మంచినీరే. అందులో మోటారు మునిగి ఉంది. కడగడానికో, పడిపోయిన చెంబు తీయడానికో మనిషి దిగేముందు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి. మీరు లోపలుండగా వేరే ఎవరో తెలియక స్విచ్చి వేయవచ్చు.

మా పశ్చిమ ప్రాంతానికి సొంతమైన ఒక ఇబ్బంది చెబుతాను. ఎర్తు అంటే ఇంటి పక్క గుంత తవ్వి, ఇనుప గొట్టమో రాగి రేకో దించి, బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చడం. అది తడిగా ఉన్నంత కాలమే పని చేస్తుంది. ఆదోని చుట్టూ రాతి గుట్టలు, వానలు తక్కువ. ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి గుంత ఎండిపోయి, ఎర్తు ఉండీ లేనట్టే అవుతుంది. సరిగ్గా కూలరు బయటికి తీసేది కూడా ఆ నెలల్లోనే! వారానికి ఒకటి రెండు బిందెలు ఆ గుంతలో పోయాలి. తాగడానికే లేకపోతే గుంతకెక్కడివి అంటారా? బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు చాలు. గుంత పేచీ పెట్టదు.

బట్టలారేసే దండేనికి ఇనుప తీగ కట్టే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. కరెంటు స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు పక్కనుంచే ఆ తీగ పోతుంది. గాలికి రెండూ ఒరుసుకుంటే, తడి చీర ఆరేయబోయిన చెయ్యి మళ్ళీ వెనక్కి రాదు. ఏటేటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. నైలాను తాడు కట్టుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయమూ, కర్నూలూ మునిగినప్పుడు చూశాం, నీళ్ళు స్విచ్చి బోర్డుల పైకి ఎక్కాయి. అలా మునిగిన ఇంట్లో నీళ్ళు తీసినా, బోర్డులు ఎండి, తెలిసినవాళ్ళు పరీక్షించేదాకా మెయిను వేయకూడదు.

చివరగా కరెంటు స్కూటర్లు. మన కాలపు ట్రైలరు పడవ ఇదే అనుకోండి: చక్రాల మీద ఉంటుంది, ఇంటికి వస్తుంది, రాత్రంతా ఇంటి కరెంటు తాగుతుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ విప్పి తెచ్చిన స్కూటరు బ్యాటరీలు ఇళ్ళలోనే పేలి ప్రాణాలు పోయాయి. బ్యాటరీని పడుకునే గదిలో ఛార్జికి పెట్టకూడదు. వరండాలో, గాలి తగిలే చోట, వాన జల్లు పడని చోట పెట్టాలి. దానికి ఎక్స్‌టెన్షన్ వైరు కాక గోడకే విడిగా పెద్ద ప్లగ్గు పెట్టించుకోవడం మేలు. తప్పక వైరే వాడవలసి వస్తే చుట్ట పూర్తిగా విప్పి పరచండి. చుట్టి ఉంచిన వైరులో వేడి బయటికి పోయే దారి లేక తొక్క కరిగిపోతుంది.

మెయిను బోర్డు దగ్గర నేను చెప్పిన తూకం స్విచ్చి ఉంటే, దాని మీద ఇంగ్లీషు “టి” అక్షరంతో చిన్న బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కండి. టక్కున కరెంటు పోతే స్విచ్చి పని చేస్తున్నట్టే, మళ్ళీ పైకి ఎత్తుకోవచ్చు. పోకపోతే మాత్రం ఆ రోజే ఎలక్ట్రీషియనుకు కబురు చేయండి.